చనిపోయినవారు సాక్ష్యం చెప్పరు

సైన్సు విద్యార్థికి కోర్టు తీర్పులతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినప్పుడు మా సెక్షన్లో అందరూ అదే అడిగారు. "ఆర్గానిక్ కెమిస్ట్రీ మీద రాయరాదూ" అన్నాడొకడు. "సోలార్ ఎనర్జీ మీద రాస్తే ప్రైజు వస్తుంది" అన్నాడు ఇంకొకడు. నాకు ప్రైజు సంగతి తెలియదు. ఈ ఏడాది నేను చదివిన వాటిలో నన్ను నిద్రపోనీయనిది ఒక్కటే. అది కెమిస్ట్రీ పుస్తకం కాదు. సుప్రీంకోర్టు 1958లో ఇచ్చిన ఒక తీర్పు. అది నా చేతికి ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

మాది వ్యవసాయ కుటుంబం. నాలుగున్నర ఎకరాల భూమి. అందులో రెండున్నర ఎకరాలు మా నాయనమ్మ పేర ఉంది. అది ఆమెకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం, కాలవ కింద చెక్క. మా తాతగారు పోయి పదకొండేళ్లయింది. నాయనమ్మ మా యింట్లోనే ఉంటుంది. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు, అంటే మా నాన్న, మా మేనత్త. ఆమెకు తన పేరు రాయడం వచ్చు గాని, చదవడం రాదు.

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. నాయనమ్మ వీలునామా. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన చేత నాన్నే రాయించుకొచ్చాడు. రెండున్నర ఎకరాలూ నాన్నకే చెందాలని అందులో ఉంది. "నువ్వూ మేజరువే గదరా, రెండో సాక్షిగా సంతకం పెట్టు, నాయనమ్మ చేత సాయంత్రం పెట్టిస్తాను" అన్నాడు. నేను పెన్ను తీశాను. మళ్లీ ఎందుకో "పరీక్షలయ్యాక పెడతాలే నాన్నా" అని కాగితం మడిచి ఇచ్చేశాను. కారణం అడిగితే ఆ రోజు నేను చెప్పగలిగేవాణ్ణి కాదు.

హాస్టలుకు తిరిగొచ్చి లా చదివే మిత్రుడికి ఈ సంగతి చెప్పాను. అతడు నవ్వి, ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, ఒక పేజీ తెరిచి, "ముందు ఇది చదువు, తరువాత సంతకం పెడుదువు గాని" అన్నాడు. అది హెచ్. వెంకటాచల అయ్యంగార్ వర్సెస్ బి.ఎన్. తిమ్మాజమ్మ అనే కేసు. వీలునామా గొడవ ఏ కోర్టుకు వచ్చినా మన దేశంలో లాయర్లు ముందు ఎత్తే పేరు అదేనట.

ఎగ్జిక్యూటర్ అంటే ఎవరు?

కేసు అర్థం కావాలంటే ముందు ఈ మాట అర్థం కావాలి. వీలునామా రాసిన మనిషి దాన్ని తాను అమలు జరపలేడు. అది అమలులోకి వచ్చేనాటికి ఆ మనిషే ఉండడు. కాబట్టి నా తరువాత ఈ పనులన్నీ ఫలానా వ్యక్తి చూడాలి అని వీలునామాలోనే ఒకరిని నియమించవచ్చు. ఆ వ్యక్తే ఎగ్జిక్యూటర్. మన మాటల్లో వీలునామా అమలుదారు.

ఈ పదవి గౌరవమైనదే గాని సుఖమైనది కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం చనిపోయిన వారి ఆస్తి ముందు ఎగ్జిక్యూటరు చేతిలోకి వస్తుంది. అది అనుభవించడానికి కాదు, పంచడానికి. అన్నిటికన్నా ముందు దహన సంస్కారాల ఖర్చు, ఆఖరి జబ్బుకు వైద్యం ఖర్చు తీర్చాలి. తరువాత నౌకర్లకు రావలసిన జీతాలు, అప్పులు. ఇవన్నీ పోగా మిగిలినదే వీలునామాలో పేర్లున్న వారికి అందుతుంది. పంపకం మొదలుపెట్టడానికి చట్టం అతనికి ఒక సంవత్సరం గడువిచ్చింది. ఆస్తి ఇంకొకరి స్వాధీనంలో ఉంటే దాన్ని రాబట్టడానికి దావా వేయవలసినవాడు కూడా అతడే. కల్లంలో ధాన్యం పంచేటప్పుడు కుంచం పట్టుకునే పెద్దమనిషి లాంటివాడు. కుంచం పట్టుకున్నవాడు తన గాదె కేసి చూడకూడదు. ఈ కేసులో చిక్కు అక్కడే వచ్చింది.

దావా ఏమిటి?

పాత మైసూరు రాజ్యంలో ఒక స్త్రీ 1945 ఆగస్టు 22న వీలునామా రాసిందని చెప్పబడింది. దానికి ఏకైక ఎగ్జిక్యూటరు వెంకటాచల అయ్యంగార్. ఆమె చనిపోయాక ఆయన సివిల్ దావా వేశాడు. ఫలానా ఆస్తులు ఆమెవి, వాటిని వీలునామా రాసే హక్కు ఆమెకు ఉంది, కనుక వీలునామా ప్రకారం నడపడానికి వాటిని నాకు స్వాధీనం చేయించండి అని ఆయన కోరిక. ఆస్తి ఆమెది కాదు, వీలునామా ఆమెది కాదు అని ప్రతివాదుల జవాబు.

కింది కోర్టు ఎగ్జిక్యూటరును నమ్మింది. దావా డిక్రీ అయింది. ప్రతివాదులు మైసూరు హైకోర్టుకు అప్పీలు చేశారు. హైకోర్టు ఆ తీర్పును తిరగవేసి దావా కొట్టేసింది. ఎగ్జిక్యూటరు సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

ఇక్కడ ఒక సందేహం నాకు వచ్చింది, మీకూ రావచ్చు. సాక్షుల్ని కళ్లారా చూసింది కింది కోర్టు జడ్జీగారు. హైకోర్టు చూసింది కాగితాలు మాత్రమే. అదే సాక్ష్యం చదివి రెండో కోర్టు వేరే నిర్ణయానికి ఎలా వస్తుంది? మా మిత్రుడు చెప్పినదేమంటే, మొదటి అప్పీలులో పై కోర్టు చట్టాన్నే కాదు, వాస్తవాలను కూడా తిరిగి తూకం వేయవచ్చు. సాక్షి ముఖం చూడలేకపోవచ్చు గాని, సాక్షులు చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి పొసుగుతాయా, కాగితంలో ఉన్నదానితో పొసుగుతాయా, అడగవలసిన ప్రశ్న ఎవరైనా అడగకుండా వదిలేశారా అని చూడగలదు. మనం ల్యాబులో చేసేదీ అంతే గదా. ప్రయోగం ఒకడు చేస్తాడు, రికార్డు ఇంకొకరు దిద్దుతారు. రీడింగులు దిద్దేవారి ముందు ఉంటాయి. తప్పు పట్టడానికి బ్యూరెట్టు దగ్గర నిలబడి ఉండనక్కరలేదు.

హైకోర్టును ఆపిన సంగతులు

ఆ రికార్డులో హైకోర్టుకు కనబడినవేమిటి? ఒకటి, వీలునామా తయారు కావడంలో ఎగ్జిక్యూటరే ముఖ్యపాత్ర వహించాడు. రెండు, ఆ వీలునామా వల్ల ఆయన కొడుకులకు చెప్పుకోదగ్గ లాభం కలిగింది. మూడు, ముందుగా రాసిన చిత్తును ఆమె చూసి ఒప్పుకుందని చెప్పారు గాని, ఆ చిత్తును కోర్టులో దాఖలు చేయలేదు. నాలుగు, అందులో ఉన్నదంతా ఆమెకు పూర్తిగా తెలిసే సంతకం చేసిందనడానికి తృప్తికరమైన సాక్ష్యం లేదు. ఐదు, వీలునామాలో రాసిన కొన్ని సంగతులు వాస్తవానికి సరిపడలేదు.

వీటిలో ఏ ఒక్కటీ దొంగతనానికి రుజువు కాదు. మంచివాడైన ఎగ్జిక్యూటరు కూడా ఆమె కోరిందని లేఖరిని పిలుచుకొచ్చి ఉండవచ్చు. చిత్తు కాగితం నిజంగానే పోయి ఉండవచ్చు. కాని ఐదూ ఒకచోట చేరాయి. పొలానికి నీళ్లు పెట్టినప్పుడు ఒక బోదెలో తడి తగ్గితే ఎలుక బొరియ ఉందేమో అనుకుంటాం. ఐదు బోదెల్లో తగ్గితే కాలవకే వెళ్లి చూస్తాం.

సుప్రీంకోర్టు ఏమన్నది?

1958 నవంబరు 13న సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ గజేంద్రగడ్కర్. ఆయన తరువాత 1964లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. హైకోర్టు చెప్పింది సరే అని ఒక్క ముక్కలో ముగించి ఉంటే ఈ కేసు ఇన్నేళ్లు బతికేది కాదు. వీలునామాను ఎలా రుజువు చేయాలో ఆయన మొదటినుంచీ విడదీసి చెప్పారు. నాకు అర్థమైనంతలో దాని సారం ఇది.

మొదటి మాట: వీలునామా కూడా ఒక దస్తావేజే. మిగతా దస్తావేజులను రుజువు చేసినట్టే దీన్నీ రుజువు చేయాలి. సాక్షి సంతకాల విషయంలో మాత్రం చట్టం ప్రత్యేకంగా కొన్ని షరతులు పెట్టింది. ఇక రుజువు అంటే గణితంలో లాగా ఇసుమంత సందేహం లేకుండా తేలేది కాదు. అలాంటి నిశ్చయం మనుషుల వ్యవహారాల్లో దొరకదు. వివేకం గల మనిషి మనస్సు తృప్తి పడితే చాలు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మూడేళ్లుగా మాకు రుజువు అంటే సమీకరణం రెండు వైపులా సరిపోవడం. ఇక్కడ ఒక పెద్ద కోర్టు, రుజువు గణితం కాదు అని ఒప్పుకుంటోంది. అయితే ఏదైనా నమ్మేయవచ్చా అంటే, కాదు. గణితం లేనిచోట వివేకం ఇంకా జాగ్రత్తగా ఉండాలి అంటోంది.

రెండో మాట నన్ను ఎక్కువగా కదిలించింది. మిగతా దస్తావేజులకూ వీలునామాకూ ఒక తేడా ఉంది. అమ్మకం దస్తావేజు మీద తగవొస్తే, అమ్మినవాణ్ణి బోనెక్కించి ఇది నీ సంతకమేనా అని అడగవచ్చు. వీలునామా మాత్రం రాసినవారు చనిపోయాకే మాట్లాడుతుంది. ఇది నేను రాసిందే అనడానికి గాని, అయ్యో నేను ఇలా అనలేదే అనడానికి గాని ఆ మనిషి లేడు. అందుచేత ఆ నిర్ణయం చేసేటప్పుడు కోర్టు భయభక్తులతో చేయాలి. చనిపోయినవారి చివరి మాట ఇదేనని తనకు పూర్తిగా తృప్తి కలగాలి.

మూడో మాట: నిరూపణ భారం ఎప్పుడూ వీలునామా తెచ్చినవాడిదే. అనుమానించదగ్గది ఏమీ లేకపోతే, రాసినవారికి మతి స్థిమితంగా ఉందని, చట్టప్రకారం సంతకం జరిగిందని చూపితే ఆ భారం తీరిపోతుంది. అనుమానించదగ్గ పరిస్థితులు ఉంటే మాత్రం భారం బరువెక్కుతుంది. వణికిన సంతకం, నీరసించిన మనస్సు, అన్యాయంగా కనబడే పంపకం, లాభం పొందేవాడే ముందుండి రాయించడం, ఇవి అలాంటి పరిస్థితులు. అప్పుడు ఆ అనుమానాలను తొలగించవలసిన బాధ్యత కూడా వీలునామా తెచ్చినవాడి మీదే పడుతుంది.

నాలుగో మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని ముఖ్యం. మోసం చేశారు, బలవంతం చేశారు అని ఎదుటివారు ఆరోపిస్తే, దాన్ని వారే రుజువు చేసుకోవాలి. కాని వారు అలా ఆరోపించకపోయినా, పరిస్థితులే అనుమానం పుట్టిస్తే, దాన్ని తీర్చే పని వీలునామా తెచ్చినవాడికి తప్పదు.

అంటే ఆ ఎగ్జిక్యూటరు దొంగ అని తేలినందుకు దావా పోలేదు. అడగవలసిన ప్రశ్నలకు జవాబు లేనందుకు పోయింది. ఈ రెంటికీ తేడా తెలియడానికి నాకు తీర్పు రెండుసార్లు చదవవలసి వచ్చింది.

మన ప్రాక్టికల్ రికార్డులతో పోల్చి చూడండి. ముందు జవాబు తెలుసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వేసే ఘనులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. (నేనూ ఒకసారి వేశాను. మేడం పట్టుకున్నారు.) నిజానికి ఆ జవాబు సరైనదే కావచ్చు. కాని జవాబు మీద ఆశ ఉన్నవాడే రీడింగు రాస్తే, ఆ రీడింగుకు విలువ తగ్గిపోతుంది. అబద్ధమని కాదు, దాన్ని నమ్మడానికి వేరే ఆధారం కావాలని.

ఈ నీతి పాతదే

ఇది జస్టిస్ గజేంద్రగడ్కర్ కొత్తగా కనిపెట్టిన సూత్రమేమీ కాదు. ఇంగ్లండులో 1838లోనే బారీ వర్సెస్ బట్లిన్ అనే కేసులో బేరన్ పార్క్ అనే న్యాయమూర్తి ఇంచుమించు ఇదే చెప్పారు. వీలునామా తయారుచేసినవాడే దానివల్ల లాభపడితే కోర్టు మేలుకొని చూడాలని ఆయన మాట. 1875లో ఫుల్టన్ వర్సెస్ ఆండ్రూ అనే కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చింది కూడా ఎగ్జిక్యూటర్ల సంగతే. అలాంటివారు తమ వ్యవహారం ధర్మబద్ధమైనదని చూపుకోవాలని అక్కడ తేలింది.

అయితే అనుమానానికీ ఒక హద్దు ఉంది. 1946లో ప్రీవీ కౌన్సిలు హార్మ్స్ వర్సెస్ హింక్సన్ అనే కేసులో దాన్ని గీసింది. జడ్జీకి ఉండవలసింది సహేతుకమైన సందేహమే గాని మొండి అపనమ్మకం కాదు, నిజం ఎదురుగా వచ్చి నిలబడితే కళ్లు మూసుకోమని చట్టం చెప్పదు అని దాని భావం. మన ఊళ్లలో వీలునామా అనగానే దొంగ కాగితం అని కొట్టిపారేసేవాళ్లు ఈ సగం కూడా తెలుసుకోవాలి.

తరువాతి తీర్పులు ఈ దారినే నడిచాయి. రిజిస్టరు అయినంత మాత్రాన అనుమానాలన్నీ పోవు, రిజిస్ట్రారు మొక్కుబడిగా పని కానిచ్చాడేమో చూడాలి అని 1961లో రాణీ పూర్ణిమా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1976లో జస్వంత్ కౌర్ కేసులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ అయ్యంగార్ కేసు సారాంశాన్ని వరుస సూత్రాలుగా కూర్చి చెప్పారు. అక్కడ 1945 నాటిదన్న వీలునామా, రాసినాయన పోయిన కొన్నేళ్లకు, దావా పడ్డాక గాని బయటికి రాలేదు. దానిని కోర్టు నమ్మలేదు. ఇక 1995లో రవీంద్రనాథ్ ముఖర్జీ కేసులో ఇంకో వైపు చెప్పింది. సహజ వారసులకు ఇవ్వకపోవడం ఒక్కటే అనుమానానికి కారణం కాదు. వారసత్వపు వరుసను మార్చాలనే గదా ఎవరైనా వీలునామా రాసేది!

చట్టానికి కావలసిందేమిటి?

మన ఊళ్లలో వీలునామా గురించి ఎన్నో అపోహలున్నాయి. స్టాంపు కాగితం మీద రాయాలంటారు. అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్టరు చేయకపోతే చెల్లదంటారు. చెల్లుతుంది. చేయిస్తే మంచిదే, ఒక ఆధారం పెరుగుతుంది. ఒకసారి రాస్తే మార్చడానికి లేదంటారు. బతికి ఉన్నంతకాలం, మతి స్థిమితంగా ఉన్నంతకాలం, ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఆఖరిదే నిలుస్తుంది.

చట్టం పట్టుబట్టేది వేరు. రాసేవారు మేజరై, స్థిమితమైన మనస్సుతో ఉండాలి. సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. వారు ఆ సంతకం చేస్తుండగా చూడాలి, లేదా ఇది నా సంతకమే అని రాసినవారి నోట వినాలి. ఆపైన ఇద్దరూ రాసినవారి ఎదుట తమ సంతకాలు చేయాలి. సాక్షులు ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలన్న నియమం లేదు. ఇది వారసత్వ చట్టం 63వ సెక్షను. తగవు కోర్టుకు వస్తే, ఆ సాక్షుల్లో బతికి ఉన్నవారిని ఒకరినైనా పిలిచి చెప్పించాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం, 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది.

వీలునామా అసలు రాయకపోతే? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మా నాయనమ్మ లాంటి వితంతువు ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. అంటే నాన్నకు ఎకరంపావు, మేనత్తకు ఎకరంపావు. ఈ లెక్క తెలియని రైతు ఉండడు. వీలునామా కాగితాల వెనుక చాలాసార్లు ఉండే లెక్క ఇదే.

మళ్లీ మా యింటికి

తీర్పు చదివిన రాత్రి మా నాన్న తెచ్చిన కాగితాన్ని మనస్సులో మళ్లీ చదువుకున్నాను. లాభం పొందేది ఎవరు? నాన్న. రాయించింది ఎవరు? నాన్న. లేఖరికి ఏం రాయాలో చెప్పింది ఎవరు? నాన్న. నాయనమ్మకు ఎవరైనా చదివి వినిపించారా? లేదు. సాక్షి ఎవరు? లాభం పొందేవాడి కొడుకు. చట్టం నన్ను సాక్షిగా కాదనకపోవచ్చు. కాని రేపు కోర్టులో నా మాటకు ఎంత బరువుంటుంది?

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అందులో ఒక వాక్యం ఉంది. కూతురికి పెళ్లినాడే ఒక ఎకరం ఇచ్చి ఉన్నందున ఆమెకు ఇందులో భాగం లేదు అని. మా అత్తకు ఎకరం ఇస్తామన్న మాట నిజమే. ఇవ్వలేదు. ఆ ఎకరం తాతగారి వైద్యానికి అమ్మేశారు. ఊరందరికీ తెలుసు. ఆ కేసులో ఐదో అంశం మా యింటి కాగితంలోనే కూర్చుని ఉంది.

మా నాన్న చెడ్డవాడు కాడు. ఆయన పదకొండేళ్లుగా తల్లిని చూసుకుంటున్నాడు. కంటి ఆపరేషను చేయించాడు, మోకాళ్లకు మందులు తెస్తున్నాడు. పొలం తనకే రావాలని ఆయన అనుకోవడంలో అన్యాయం ఉందని నేను ఇప్పటికీ అనలేను. కాని మంచితనం కాగితం మీద కనబడదు. కాగితం మీద కనబడేది ఎవరు రాయించారు, ఎవరికి రాయించారు అన్నదే.

వేసవి సెలవుల్లో ధైర్యం చేసి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇరవయ్యేళ్లకే నాకు న్యాయం చెప్పేవాడివయ్యావా? నేను మా అమ్మ ఆస్తి దొంగిలిస్తున్నానా?" అన్నాడు. దొంగ అని నేను అనలేదు, కోర్టు కూడా ఆ ఎగ్జిక్యూటరును అనలేదు అని చెప్పబోయాను. వినిపించుకోలేదు. పొలానికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను కాగితం తీసుకుని పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆమె గింజలు తీస్తూనే వింది. ఎకరం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇచ్చామని ఎవరు రాశార్రా? ఇవ్వలేదుగా."

"రాసేవాళ్లు అలా రాస్తారు నాయనమ్మా."

"వాళ్లకేం తెలుసు? నా కూతురికి నేను బాకీ."

కాసేపటికి, అరెకరం దానికి ఉండాలి, కాలవ గట్టు వైపు, మిగతా రెండూ మీ నాన్నకి, నన్ను చూసేది వాడే గదా అంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్నెవరడిగారు?" అంది.

ఆ ఒక్క మాటలో ఆ తీర్పంతా ఉందనిపించింది. సుప్రీంకోర్టు జడ్జీలు ఎంత వెతికినా, మైసూరులో సంతకం చేసిన ఆమెను ఆ ప్రశ్న అడగలేకపోయారు. నేను అడగగలిగాను. మా నాయనమ్మ ఇంకా మా అరుగు మీదే ఉంది కాబట్టి.

నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, "మీ నాయనమ్మ చెప్పినట్టే రాయించు, నేను రాను" అన్నాడు. కోపంతో అన్నాడో, అర్థమై అన్నాడో తెలియదు. కాని చేయవలసింది అదే. కొత్త కాగితం రాసిన రోజు ఆయన పొలంలోనే ఉన్నాడు. లేఖరికి నాయనమ్మే తన నోటితో చెప్పింది. ఆయన రాసింది పైకి చదివాడు. రిటైరైన మాస్టారొకరు, నాయనమ్మకు మందులిచ్చే డాక్టరు గారు సాక్షులు. ఇద్దరికీ ఆ పొలంలో సెంటు కూడా రాదు. ఎగ్జిక్యూటరుగా మాస్టారి పేరే రాయించింది. ఎకరం ఇచ్చామన్న వాక్యం తీసేశారు. అరెకరం ఎందుకు ఇస్తున్నదీ, రెండెకరాలు ఎందుకు ఇస్తున్నదీ ఆమె మాటల్లోనే రెండేసి వాక్యాలు రాశారు. చిత్తు కాగితాన్ని పారేయకుండా దాచాను. తరువాత వారం రిజిస్ట్రారు ఎదుట కూడా ఆమె మళ్లీ అవే మాటలు చెప్పి, తన పేరు ఐదు నిమిషాలు పట్టి రాసింది.

మా అత్తకు ఉత్తరం రాసి అంతా తెలిపాము. ఆమె ఎకరంపావు ఆశించిందేమో తెలియదు. ఈ దసరాకు వచ్చింది. నాన్నతో మునుపటిలా నవ్వుతూ మాట్లాడలేదు గాని, వెళ్లేటప్పుడు కాలవ గట్టు దాకా వెళ్లి ఆ చెక్క చూసుకుని వచ్చింది.

మిత్రులారా, మనలో సగం మంది పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లమే. ఇంట్లో చదువుకున్నవాడు నువ్వొక్కడివే గనక ఇక్కడ సంతకం పెట్టు అని ఏదో ఒక రోజు మన ముందుకు కాగితం వస్తుంది. అది ఎవరు తెచ్చారో, ఎవరికి లాభమో ముందు చూడండి. తరువాత అది ఎవరి మాటగా రాయబడిందో ఆ మనిషి పక్కన కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి. వారి చెయ్యి ఎక్కడైనా ఆగితే, మీ పెన్ను కూడా అక్కడే ఆపండి.